స్టీల్ ఆల్-రోడ్ సైకిల్: ఏది ముందు మార్చాలి, ఎలా తొక్కాలి

నాలుగేళ్ల కిందట హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఒక క్రోమోలీ స్టీల్ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) సైకిల్ కొన్నా. కిందికి వంగిన హ్యాండిల్, కేబుల్‌తో నడిచే డిస్క్ బ్రేకులు, ముందు రెండు చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు), వెనక తొమ్మిది గేర్లు, 28 మి.మీ. టైర్లు. తూకం వేస్తే 12 కిలోలు దాటింది. ఆ అంకె చూసి గుండె జారి నేను చేసిన మొదటి పని కార్బన్ సీట్‌పోస్ట్ (సీటుని మోసే గొట్టం) కొనడం. దాంతో ఓ వంద గ్రాములు తగ్గాయేమో, వికారాబాద్ వెనకాల మొరం రోడ్డు మీద నేను మాత్రం ఎప్పట్లాగే దడదడలాడుతూ వెళ్లా. ఆరు నెలలకు టైర్లు అరిగిపోయి, ఎలాగూ మార్చాలి కదా అని వెడల్పువి వేయిస్తే, అదే రోడ్డు మీద అదే సైకిల్ ఇంకో బండిలా నడిచింది.

అంటే నేను ఖర్చు పెట్టిన వరస తప్పు. ముందు టైర్లు, తర్వాత కూర్చునే తీరు, తర్వాత కొండకు సరిపడే గేరు, తర్వాత బ్రేకులు. చక్రాలు ఆ తర్వాత ఎప్పుడో. ఫ్రేము జోలికి అసలు పోవద్దు. ఈ గైడ్‌లో ముందు ఫ్రేము ఒకసారి చూసుకుని, తర్వాత అదే వరసలో వెళ్తా.

ఆల్-రోడ్ అంటే ఏంటో ఒక్క ముక్కలో: తారు మీద నిద్రపోకుండా, మట్టి మీద బెదరకుండా వెళ్లే సైకిల్. రేసు సైకిలూ కాదు, కొండలు దూకే ఎంటీబీ (మౌంటెన్ బైక్) కూడా కాదు. మన దగ్గర ఇది పనికొచ్చినంతగా ఇంకేదీ పనికిరాదని నా అభిప్రాయం, ఎందుకంటే మన రోడ్డు ఒకటే రోజు నాలుగు రకాలు. ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు నున్నగా ఉంటుంది, ఊళ్లో సిమెంటు రోడ్డుకు ప్రతి అతుకు దగ్గరా ఓ మెట్టు ఉంటుంది, ఊరు దాటితే మొరం, అది కూడా అయిపోతే బండ్ల బాట. కోస్తా వాళ్లు డొంక అంటారు.

1. డబ్బు తీసే ముందు ఫ్రేము చూడండి

స్టీల్ గురించి ఆన్‌లైన్‌లో భక్తి కాస్త ఎక్కువ. స్టీల్ మెత్తగా ఉంటుంది, ఊయలలా ఉంటుంది అంటారు. నిజానికి ఆ మెత్తదనంలో సింహభాగం టైరుది, దాంట్లోని గాలిది. స్టీల్ అసలు లాభం వేరే: దెబ్బ తగిలితే చెప్పి మరీ వంగుతుంది, వంగితే చాలాసార్లు మళ్లీ తిన్నగా చేయొచ్చు. వెనక డెరైలర్ (చైనుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) తగిలించే హ్యాంగర్ నాది రెండుసార్లు వంగింది, రెండుసార్లూ హ్యాంగర్ గేజ్ పెట్టి తిన్నగా లాగారు. అల్యూమినియం హ్యాంగర్ అయితే తిన్నగా లాగేటప్పుడు విరిగే భయం ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ వెనక, పై గొట్టం మీదా కింది గొట్టం అడుగునా వేలితో నిదానంగా తడమండి. ముందు నుంచి గుద్దుకున్న సైకిలైతే అక్కడ చిన్న బొడిపె తగులుతుంది, లేదా పెయింటు సన్నగా వలయంలా పగిలి ఉంటుంది. అలా ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు. తర్వాత సీట్‌పోస్ట్ బయటికి లాగి చూడండి. రాకపోతే అది పెద్ద తలనొప్పి, స్టీల్ ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ గ్రీజు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే రెండూ కరుచుకుపోతాయి. వస్తే ఆ రంధ్రంలో టార్చి వేయండి. పైపైన ఎర్రగా ఉంటే భయం లేదు, రేకులు రేకులుగా ఊడుతుంటే వదిలేయండి.

ఇంకో మాట. ఈ గొట్టాలు చివర్లలో మందంగా, మధ్యలో పలచగా ఉంటాయి; మంచి ఫ్రేముల్లో మధ్యభాగం మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. స్టీలే కదా అని గేట్లు, గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తే ఆర్క్ తగలగానే చిల్లు పడుతుంది. అతకాల్సి వస్తే ఇత్తడి కడ్డీతో గ్యాస్ మీద అతికే నేర్పు ఉన్నవాళ్లనే వెతకండి.

చివరగా ఒక కాగితం మీద ఈ కొలతలు రాసి పెట్టుకోండి: రిమ్ము సైజు (700సి అయితే 622, 650బి అయితే 584), వెనక హబ్బు వెడల్పు (130, 135 లేదా 142 మి.మీ.), సీట్‌పోస్ట్ మందం, హ్యాండిల్ బిగించే చోటి వ్యాసం, ఎన్ని గేర్లు, టైరుకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ. ఆన్‌లైన్‌లో తప్పు పార్టు కొని వాపసు పంపే బాధ సగం ఇక్కడే తీరిపోతుంది.

2. టైర్లు

చిన్నప్పుడు సైకిల్ షాపులో గాలి గట్టిగా కొట్టించుకుని బొటనవేలితో నొక్కి చూసి సంబరపడ్డవాళ్లం మనం. టైరు రాయిలా ఉంటేనే బండి పరిగెత్తుతుందని గట్టి నమ్మకం. అద్దంలాంటి రోడ్డు మీద అది కొంతవరకు నిజమే. గతుకుల మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయికీ సైకిల్నీ మనిషినీ కలిపి పైకి లేపుతుంది, ఆ లేపడానికి పోయే బలమంతా మీ కాళ్లదే. వెడల్పు టైరు తక్కువ గాలితో ఆ రాయిని మింగేసి ముందుకు పోతుంది.

అందుకే మీ ఫ్రేము పట్టినంత వెడల్పు వేయండి, కానీ రెండు వైపులా కనీసం 5 మి.మీ. ఖాళీ ఉంచి. దారిలో ఒక స్పోకు తెగితే రిమ్ము వంకర పోతుంది, ఖాళీ లేకపోతే టైరు ఫ్రేముని గీరుతూ ఇంటిదాకా వస్తుంది. పైగా మనకు నల్లరేగడి ఉంది. తాండూరు వైపు వానాకాలంలో ఒక్క వంద మీటర్లు ఆ మట్టిలో తొక్కితే టైరుకీ ఫోర్కుకీ మధ్య ఇటుక తయారవుతుంది. మడ్‌గార్డ్ ఉంటే ఇంకా దారుణం, చక్రం తిరగనే తిరగదు, సైకిల్ని భుజాన వేసుకోవడమే. ఇంకో చిక్కు, టైరు మీద రాసిన వెడల్పు, ఎక్కించాక ఉండే వెడల్పు ఒకటి కావు. రిమ్ము వెడల్పుని బట్టి మారుతుంది, గాలి కొట్టిన మర్నాటికి ఇంకాస్త సాగుతుంది. అందుకని రెండో రోజు కొలవండి.

నా సైకిల్‌కి 38 బాగా కుదిరింది. నడుమ నున్నగా, పక్కల చిన్న గీతలు ఉన్న రకం. పానరేసర్ గ్రావెల్‌కింగ్ లాంటివన్నమాట. పెద్ద గుబ్బల టైర్లు ఫొటోల్లో బాగుంటాయి, తారు మీద మాత్రం రంయ్యిమని మోగుతూ కాళ్లు లాగేస్తాయి. మీ తొక్కుడులో సగానికి పైగా మట్టి అయితే తప్ప వద్దు.

ఫ్రేములో 38 పట్టదు, డిస్క్ బ్రేకులు ఉన్నాయి అంటే ఇంకో దారి ఉంది: చిన్న 650బి చక్రాలు. లెక్క చూడండి, 622కి రెండు వైపులా 28 కలిపితే 678 మి.మీ., 584కి రెండు వైపులా 47 కలిపినా అదే 678. చక్రం బయటి ఎత్తు మారదు కాబట్టి సైకిల్ నడక పెద్దగా మారదు, గాలి మెత్త మాత్రం బోలెడంత పెరుగుతుంది. అయితే 47 మి.మీ. వెడల్పు వెనక గొట్టాల మధ్య పడుతుందో లేదో ముందు కొలిచాకే చక్రాలు కొనండి. ఎంటీబీల్లో 27.5 అని పిలిచే రిమ్ము కూడా ఈ 584నే, అలాగే 29 అంటే మన 622నే. అందుకే చిన్న పట్టణంలో ఇరుక్కుంటే ఎంటీబీ ట్యూబు అడగండి. పాత పెద్ద సైకిళ్ల 28 × 1½ టైరు మాత్రం వద్దు, దాని రిమ్ము 635, మన దానికి పట్టదు. ఓ షాపతను ‘28 ఏ కదా సార్’ అని అరగంట కుస్తీ పట్టాడు, నేనూ పక్కన నిలబడి ఒక చెయ్యి వేశా, అప్పటికి నాకూ తెలీదు.

గాలి ఎంత? నేను 72 కిలోలు. 38 టైర్లకు తారు మీద ముందు 40, వెనక 46 పీఎస్ఐ పెడతా, రోజంతా మొరం అయితే 32, 36. మీ బరువుకి మీ అంకె కనుక్కోవాలంటే ఒకే చిన్న దారి ఎంచుకుని, 50తో మొదలుపెట్టి ప్రతి రౌండుకీ 3 తగ్గిస్తూ పోండి. మలుపులో టైరు పక్కకు ఒరిగినట్టు అనిపించినా, గుంతలో రిమ్ము టక్కుమన్నా అక్కడ ఆగి 3 పెంచండి. అంతే, ఆ అంకె గోడ మీద రాసుకోండి. పంపుకి మీటర్ ఉండాలి, బొటనవేలు చాలదు.

ట్యూబ్‌లెస్ వేయాలా? మన ఊళ్లలో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఉన్నన్నాళ్లు, నా జవాబు వేయాలనే. ఒక ఎండాకాలం చేవెళ్ల దగ్గర పొలం గట్టు మీద సైకిల్ పడుకోబెట్టి టీ తాగొచ్చేసరికి ముందు టైరులో ఏడు పల్లేరు ముళ్లు లెక్కపెట్టా. ట్యూబ్ అయితే ఆ రోజు అక్కడే అయిపోయేది; లోపల సీలెంట్ (చిల్లుల్ని మూసే ద్రవం) ఉండబట్టి ముళ్లు పీకి, చక్రం రెండు తిప్పులు తిప్పి వచ్చేశా. ఈ సైజు టైరుకి ఒక్కోదానికి 50–60 మి.లీ. సీలెంట్ పడుతుంది. మన ఎండకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, పోసి మర్చిపోతే అది ఉన్నా లేనట్టే. రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌వేనా అని ముందు చూసుకోండి, టేపుతో సర్దే ప్రయోగాలు వద్దు. ట్యూబ్‌లెస్ ఉన్నా ఒక ట్యూబు సంచిలో ఉండాల్సిందే. సన్న వాల్వుకి పెట్టే చిన్న ఇత్తడి అడాప్టర్ కూడా, ఎందుకంటే అది ఉంటే హైవే మీద ఏ మోటార్‌సైకిల్ పంక్చర్ షాపులోనైనా గాలి దొరుకుతుంది.

3. కూర్చునే తీరు

దీనికి దాదాపు ఖర్చు లేదు, అయినా అందరూ దీన్నే దాటేస్తారు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని సీటులా పైకి నొక్కి పట్టి, నేల నుంచి దాని పైఅంచు దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే పెడళ్ల చేతులు తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. 80 సెం.మీ. అయితే 70.6. అది మొదలు మాత్రమే, అక్కణ్ణుంచి అర సెంటీమీటరు చొప్పున మీ మోకాళ్లు చెప్పింది వినండి. మోకాలి ముందు నొప్పి అంటే సీటు కిందికి ఉండొచ్చు, వెనక లాగుతుంటే పైకి ఉండొచ్చు. కాళ్ల మధ్య తిమ్మిర్లు వస్తుంటే సీటు ముక్కు పైకి లేచిందేమో చూడండి.

చేతులు తిమ్మిరెక్కితే వెంటనే ఖరీదైన గ్లోవ్స్ కొనకండి. హ్యాండిల్ దూరమైందేమో చూసి, ఒక సెంటీమీటరు పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) వేసి చూడండి. మట్టి మీద ఎక్కువగా తొక్కేవాళ్లకు కింది భాగం బయటికి విచ్చుకున్న హ్యాండిల్ బాగుంటుంది, దిగుడులో పట్టు దొరుకుతుంది. స్టెమ్ బోల్టులు చాలావాటికి 5 న్యూటన్ మీటర్లు, దాని మీదే రాసి ఉంటుంది. నాలుగు బోల్టులూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించండి.

4. కొండకు గేరు

కొత్త సైకిల్ కొన్నవాళ్లు పెద్ద గేరు గురించే అడుగుతారు, నన్ను అడిగితే చిన్న గేరే ప్రాణం. నా సైకిల్‌కి ముందు 50/34 పళ్లు, వెనక 11–32 పళ్లు వచ్చాయి. అతి చిన్న గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 1.06 చుట్లు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఎక్కుడులో లగేజీతో గంటకు 7 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి కాళ్లు నిమిషానికి 50 చుట్లే తిరిగేవి, అంటే మెట్లెక్కుతున్నట్టు మోకాళ్ల మీద బరువు. వెనక 11–36 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేస్తే అదే వేగానికి 56 చుట్లు. ముందు చిన్న రింగు 30 ఉన్న క్రాంక్ (పెడళ్లు, ముందు రింగులు బిగించే భాగం) కూడా పెడితే 64. అక్కడ ఊపిరి ఆడుతుంది, కబుర్లు కూడా సాగుతాయి.

ముందు క్యాసెట్ మార్చండి, క్రాంక్ సంగతి తర్వాత. క్యాసెట్ పెద్దదైతే పాత రోడ్ డెరైలర్‌కి అందదు. ఇక్కడ షిమానో 9 స్పీడ్ (వెనక తొమ్మిది గేర్లు) వాళ్లకు ఒక అదృష్టం ఉంది, 9 స్పీడ్ రోడ్ లివర్లతో 9 స్పీడ్ ఎంటీబీ వెనక డెరైలర్ హాయిగా పనిచేస్తుంది. ఆలివియో లాంటిది చాలు. 10 స్పీడ్‌లో ఈ కలయిక కుదరదు, కేబుల్ లాగే లెక్క వేరు. షిమానోదే టియాగ్రా 4700 అయితే తన ముందు తరం 10 స్పీడ్ రోడ్ పార్టులతో కూడా కలవదు. కాబట్టి ‘10 స్పీడే కదా’ అని చేతికి దొరికింది కొనకండి. డెరైలర్ కెపాసిటీ లెక్క కూడా చూసుకోండి: ముందు తేడా 16 (50 నుంచి 34), వెనక తేడా 25 (36 నుంచి 11), కలిపితే 41. డెరైలర్ స్పెక్‌లో అంతకు తక్కువ కాకుండా ఉండాలి.

బిగించే వరస ఇది. క్యాసెట్ మారిస్తే చైను కూడా మార్చండి, అరిగిన పాత చైను కొత్త పళ్లని త్వరగా తినేస్తుంది, పొడవూ చాలదు. చైనుని డెరైలర్‌లోకి దూర్చకుండా ముందు పెద్ద రింగు, వెనక పెద్ద చక్రం మీదుగా చుట్టి, కలిసే చోటు నుంచి రెండు లింకులు (ఒకటి లోపలిది, ఒకటి బయటిది) ఎక్కువ ఉంచి తెంపండి. తర్వాత రెండు లిమిట్ స్క్రూలు (డెరైలర్ చివరి గేర్లు దాటిపోకుండా ఆపేవి), ఆ తర్వాత బీ స్క్రూ తిప్పి డెరైలర్ పై చిన్న చక్రం క్యాసెట్‌కి తగలకుండా దగ్గరగా పెట్టండి. కేబుల్ బిగువు అన్నిటికన్నా చివర. చాలామంది దీంతోనే మొదలుపెట్టి గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటారు, నేనూ కూర్చున్నా.

చైను అరుగుదల చూడ్డానికి ఒక స్కేలు చాలు. 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మి.మీ. ఉండాలి. 307 దగ్గరికి వచ్చిందంటే మార్చేయండి. సాగదీస్తే క్యాసెట్ కూడా తినేస్తుంది, దాని ధర చైనుకి రెండు మూడింతలు.

5. బ్రేకులు

కేబుల్ డిస్క్ బ్రేకులు పట్టడం లేదని కొత్త కాలిపర్లు (ప్యాడ్లని నొక్కే భాగాలు) కొనబోయే ముందు, కేబుల్ తొడుగు మార్చి చూడండి. నొక్కినప్పుడు కుదించుకుపోని బ్రేక్ తొడుగు అని ప్రత్యేకంగా దొరుకుతుంది, లివర్ మెత్తగా మునగడం చాలావరకు అక్కడే పోతుంది. గేరు కేబుల్ తొడుగు మాత్రం బ్రేకుకి వాడకండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా గట్టిగా నొక్కినప్పుడు పగిలిపోవచ్చు. ఆ తర్వాతా డబ్బు ఉంటే రెండు ప్యాడ్లూ కదిలే కాలిపర్ (టీఆర్‌పీ స్పైర్ లాంటిది) మంచి మార్పు. కొత్త ప్యాడ్లు వేశాక గంటకు 20–25 వేగం నుంచి నడక వేగం దాకా ఓ ఇరవై సార్లు నిదానంగా ఆపండి, చక్రం లాక్ కానివ్వకుండా. నేను ఇది 2023 అక్టోబరులో తెరిచిన ఓఆర్‌ఆర్ సోలార్ ట్రాక్ మీద తెల్లారుజామున చేస్తా, 23 కిలోమీటర్ల నెట్‌వర్క్, బండ్ల గోల ఉండదు. చైను ఆయిల్ పొరపాటున కూడా రోటర్ (ప్యాడ్లు పట్టే పళ్లెం) మీద పడనివ్వకండి.

6. మిగతావి

చక్రాలు: ఉన్నవాటి స్పోకులు సమంగా బిగించి ఔట్ తీయిస్తే చాలు. లైట్లు: ముందు ఒకటి, వెనక రెండు. 200 కిలోమీటర్ల బ్రెవేలకు (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు, దీనికి గడువు 13 గంటల 30 నిమిషాలు) వెళ్లే ఆలోచన ఉంటే చక్రం తిరిగితే కరెంటు పుట్టించే 6 వోల్టుల డైనమో హబ్ గురించి ఆలోచించండి, లేదంటే అక్కర్లేదు. క్యారియర్: ఫ్రేము మీద బోల్టు రంధ్రాలు ఉంటేనే. బరువైన సామాను కిందికి, చక్రం ఇరుసుకి దగ్గరగా.

7. ఇక తొక్కడం

మొరం మీద కొత్తవాళ్లు చేసే ఒకే తప్పు హ్యాండిల్‌ని ప్రాణం పోయేలా పట్టుకోవడం. మోచేతులు వదులుగా వంచి, పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో పెట్టి, ముందు చక్రం కాస్త అటూ ఇటూ జారుతుంటే జారనివ్వండి. అది తన దారి తనే వెతుక్కుంటుంది. ఇసుక వస్తే ముందే చిన్న గేరులోకి దిగి, బరువు కాస్త వెనక్కి వేసి, హ్యాండిల్ తిప్పకుండా తొక్కుతూనే ఉండండి. ఎక్కుడులో గులకరాళ్లుంటే లేచి నిలబడొద్దు, వెనక చక్రం మీద బరువు పోయి గిర్రున తిరుగుతుంది. బ్రేకు మలుపుకి ముందే వేయాలి, మలుపులో కాదు. దిగుడు మలుపులో హ్యాండిల్ కింది భాగం పట్టుకుని, బయటివైపు కాలు కిందికి తొక్కిపట్టి, వెళ్లాల్సిన చోటు చూడండి. గుంతను చూస్తే గుంతలోకే వెళ్తారు.

మన రోడ్ల మీద వేరే పాఠాలు కూడా ఉన్నాయి. కోతల కాలంలో రోడ్డు సగం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తాక రాళ్లు కొన్ని అక్కడే ఉంటాయి, చీకట్లో కనబడవు. నవంబరులోనూ ఏప్రిల్, మే నెలల్లోనూ చీకటి ఉండగా ఊళ్ల మధ్య వేగం తగ్గించండి. కుక్క వెంటపడితే రేసు పెట్టొద్దు, దిగి సైకిల్ని మధ్యలో అడ్డం పెట్టి నడవండి, తొంభై శాతం వాటికి అక్కడితో ఆసక్తి పోతుంది. ఎండాకాలం నాలుగున్నరకల్లా బయల్దేరి తొమ్మిదికి ఇంట్లో ఉండేలా చూసుకోండి, గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఒక సీసాలో ఓఆర్‌ఎస్. దారిలో మజ్జిగ దొరికితే ఆగకుండా పోవడం పాపం.

8. తుప్పు

ఇది స్టీల్ వాళ్ల పని. ఏడాదికోసారి, వానలకు ముందు, సీట్‌పోస్ట్ తీసేసి కార్ల తలుపుల లోపల కొట్టే క్యావిటీ వ్యాక్స్ సన్న గొట్టంతో అన్ని గొట్టాల్లోకీ కొట్టి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పి రాత్రంతా వదిలేయండి. ఉడికించిన అవిసె నూనె కూడా పాతకాలపు పద్ధతే, పనిచేస్తుంది, ఆరడానికి మాత్రం రోజులు పడుతుంది. పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున చిన్న రంధ్రం ఉంటే మట్టి పట్టకుండా పుల్లతో పొడుస్తుండండి, లోపలి నీళ్లు పోయేది అక్కణ్ణుంచే. ఆ ఇరుసు కప్పులు విప్పాల్సి వస్తే గుర్తుంచుకోండి, 68 మి.మీ. మామూలు మర అయితే చైను వైపుది ఉల్టా తిరుగుతుంది, ఎడమ పెడల్ కూడా అంతే. విశాఖలో భీమిలి రోడ్డు మీద తొక్కేవాళ్లు ప్రతి రైడు తర్వాత ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి తుడవాలి. వానలో తడిసి వస్తే సీట్‌పోస్ట్ ఊడదీసి, సైకిల్ని తలకిందులుగా ఒక అరగంట ఉంచండి, నాది మొదటిసారి అలా పెట్టినప్పుడు టీ గ్లాసుడు ఎర్ర నీళ్లు వచ్చాయి. సీటు ఎత్తు గుర్తుకి పోస్ట్ మీద టేపు చుట్టి ఉంచుకుంటే మళ్లీ కొలవక్కర్లేదు.